నొప్పిని వెన్నులోనే ఆపిన మా మేడమ్

మా మేడమ్ పోయారని మొన్న పొద్దున కర్నూలు నుంచి ఫోనొచ్చింది. నేను కడపలో ఆపరేషన్ థియేటర్లో మత్తు గ్యాస్ సిలిండర్లు చూసుకుంటున్నాను. నిద్రలోనే పోయారట. ఊరందరి నొప్పితో జీవితమంతా కొట్లాడిన మనిషికి ఆ మాత్రమైనా దక్కిందిలే అనుకున్నాను. అనుకున్నానే గానీ ఏడుపు ఆగలేదు.

కర్నూలు ఆసుపత్రిలో ఆమె దగ్గర నేను మత్తు వైద్యం నేర్చుకున్నది ఫ్యాక్షన్ రోజుల్లో. కొడవలి వేట్లు, నాటుబాంబు గాయాలు మాకు జ్వరం కేసులంత మామూలు. ఏ మాస్కయినా ముందు తన మొహానికి పెట్టుకుని చూసేవారు. రబ్బరు కంపు కొడితే మాకు తిట్లే తిట్లు. పాఠం చెప్పేటప్పుడు మా వెన్ను మీద వేలి కణుపుతో టకటకా కొట్టేవారు, గట్టిగానే!

"గ్యాస్ పనంతా మెదడులోనే అనుకుంటాండావా? నైట్రస్ కొంచెం పీలిస్తే మెదడు అడుగు నుంచి వెన్నుపాములోకి నార్ అడ్రినలిన్ అనే రసాయనం దిగుతాది. ఈడ నరాల కణాల మీద గ్రాహకాలుండాయి. అది వాటికి తగులుకుంటే, గాయం నుంచి వచ్చే నొప్పి పైకి పోకుండా ఈడే సన్నగిల్లుతాది. మనిషి మేలుకొనే ఉంటాడు."

గ్రాహకం పేరు మరిచిపోతే ఇంకో దెబ్బ. "నిద్రపుచ్చేదానికేముండాది? ముందు నొప్పి ఆపు" అనేవారు.

ఒక మిట్టమధ్యాహ్నం ఆత్మకూరు వైపు పల్లె నుంచి ఒకణ్ణి జీపులో వేసుకొచ్చారు. నాటుబాంబు పేలి కుడిచెయ్యి మణికట్టు దాకా ఎగిరిపోయింది. ఎముక బయటపడి, మాంసం పీలికలై వేలాడుతోంది. వాడి కేకలకు వార్డులో పసిపిల్లలు జడుసుకున్నారు. వాడి అన్న కొడవలితో మాకు అడ్డం నిలబడ్డాడు.

"మత్తియ్యొద్దు. వాంగ్మూలం రాసుకునేదానికి మేజిస్ట్రేటు వస్తాండాడు. బాంబేసినోళ్ల పేర్లు నా తమ్ముడు జెప్పాల. ఆ మీదటే మీ ఆపరేషను."

గేటు బయట ఇంకో జీపు నిండా మనుషులు. పేర్లు చెబితే చాలు, ఆ ఇళ్ల మీద పడి నరకడానికి కాచుకున్నారు. అన్న తమ్ముడి చెవిలో పేర్లు నూరిపోస్తున్నాడు: పగవాళ్లింటి తండ్రి, ముగ్గురు కొడుకులు. నొప్పికి తాళలేక వాడు ప్రతి పేరుకూ తలూపుతున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నిద్రపుచ్చను లేప్పా. మాట్లాడతానే ఉంటాడు. నొప్పి మాత్రం తగ్గిస్తా" అన్నారు మేడమ్. వాడి తల, ఛాతీ పరీక్షించి, నైట్రస్, ఆక్సిజన్ సగం సగం కలిపి, మాస్కు వాడి ఎడమచేతికే ఇచ్చారు. "నువ్వే పట్టుకో నాయనా. బాగా పీల్చు." కాసేపటికి కేకలు మూలుగులయ్యాయి.

మేజిస్ట్రేటుతో వచ్చిన పోలీసులు అన్న దగ్గర కొడవలి లాక్కున్నారు. మేడమ్ మాస్కు తీయించి, కాసేపాగి, ఊరూ తల్లి పేరూ అడిగి, తెలివిలోనే ఉన్నాడని చెప్పారు. బాంబు ఎవరేశారని మేజిస్ట్రేటు అడిగాడు.

వాడు అన్న వైపు చూడలేదు. "ఎవురూ ఎయ్యలేదు సార్. పగోళ్లింటి మీద ఎయ్యల్లని నేనే పట్టుకపోతాంటి. నా చేతిలోనే పేలె."

గుమ్మంలో ఉన్న అన్న ఒక్క గెంతులో లోపలికొచ్చాడు. "ఏం గ్యాసు బెట్టి చెప్పిచ్చినావే ముండా!" అంటూ ఇనుప స్టూలెత్తి మేడమ్ నుదుటి మీద కొట్టాడు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నేను సెలైన్ స్టాండు తీసుకుని వాడి మోకాళ్ల మీద బాదాను. తృప్తిగానే బాదాను, దాచుకునేదేముంది! పోలీసులు వాణ్ణి వరండాలోకి ఈడ్చుకుపోయారు. ఎవరూ బాంబు వెయ్యలేదన్న మాట గేటు దాకా పాకాక, అక్కడి జీపులో మనుషులు వచ్చినదారినే వెనక్కి పోయారు.

"గ్యాస్ నిజం చెప్పించదు నాయనా. నొప్పిని ఆపుతాదంతే" అన్నారు మేడమ్, ఎవరితో అంటున్నారో తెలియకుండా. నుదుటికి కట్టు కట్టించుకుని థియేటర్లోకి నడిచారు. నేను చూసుకుంటాను కూర్చోండని మొత్తుకున్నా వింటేగా! ఈసారి పూర్తి మత్తు. తమ్ముడు బతికాడు.

బయటికొచ్చేసరికి అన్న ఇద్దరు పోలీసుల మధ్య బెంచీ మీద ఉన్నాడు.

"వానికి నొప్పి ఉండాదామ్మా?"

"లేదప్పా."

కట్టు తడిసి మేడమ్ కనుబొమ్మ మీదుగా దిగుతున్న రక్తం వైపు చూశాడు. "మీకు?"

"శానా ఉండాది" అన్నారు మేడమ్. కళ్లు తిరిగినట్టున్నాయి, తడుముకుంటూ ఆ బెంచీ మీదే కూలబడ్డారు. చేతులు పోలీసుల పట్టులో ఉన్నాయి కాబట్టి, వాడు భుజం ఆమె వైపు జరిపాడు. మేడమ్ కళ్లు మూసుకుని తల దానికి ఆనించారు. వాడి తెల్లచొక్కా మీద ఎరుపు పాకుతోంది. వాడు కదల్లేదు.