ఆమె పాల మీద పడిన నింద

ఏళ్ల తరబడి ఒక మాట నా గొంతు దాటలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. పసిబిడ్డ తొడలు ఒరుసుకుపోవడం కూడా ఒక పాపమా అని మీకు అనిపించవచ్చు. నేనూ చాలాకాలం అలాగే సర్దిచెప్పుకున్నాను.

మాది ముదిగుబ్బ. ఇంటి ముందుగదిలోనే నాకు సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి. నా భార్య సరళ పుట్టపర్తిలో ఒక లాడ్జీలో పనిచేసేది. పాపకు ఆరో నెల రాగానే మళ్లీ పనికి పోక తప్పలేదు. పాపను నేను చూసుకుంటానన్నాను. పొద్దున బస్సెక్కే ముందు, సాయంత్రం దిగగానే తను పాలిచ్చేది. పగలు డబ్బా పాలు పట్టడం, డైపర్ మార్చడం నా పని.

మార్చలేదు. పొద్దున తొడిగినదాన్ని సరళ బస్సు వచ్చే వేళకు విప్పి, కడిగి, కొత్తది తొడిగేవాణ్ణి. మధ్యలో అది తడిసి బరువెక్కినా, నిద్రపోయే బిడ్డను లేపడమెందుకులే అనుకునేవాణ్ణి. నిజంగా అందుకేనా? కాదు. అంగడికి మనుషులు వచ్చిపోతుంటే, మగవాణ్ణి అయ్యుండి బిడ్డ ముడ్డి కడుగుతూ వాళ్ల కంటపడడం నాకు నామోషీ.

అది ఎండాకాలం. పాప తొడల సందుల్లో చర్మం ఎర్రబారి, పొక్కులు లేచాయి. ఉచ్చ పోస్తే చాలు, మంటకు ఒళ్లంతా బిగబట్టి ఏడ్చేది. ధర్మవరంలో పిల్లల డాక్టరమ్మకు చూపించాం.

"డైపర్ ఎంతసేపటికి మారుస్తాండారప్పా?" అని ఆమె నన్నే అడిగింది.

"రెండు మూడు గంటలకోసారి మేడం," అన్నాను. సరళ నా పక్కనే ఉంది.

ఆమె పూతమందు రాసిచ్చింది. తడిసిన వెంటనే మార్చాలంది. ఉత్త నీళ్లతో కడిగి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్ది, కాసేపు గాలి తగలనివ్వాలంది. పౌడరు వద్దంది.

ఇంటికొచ్చాక, పాపను చూడ్డానికి ఊరినుంచి వచ్చిన మా అమ్మ తేల్చేసింది. "వాడు వేళకు మారుస్తానే ఉండాడు గదా. తప్పు నీ పాలల్లో ఉండాదమ్మా. వంకాయ, మామిడికాయ తింటాండావు. పాలు వేడి చేసినాయి. మాన్పించు."

సరళ నావైపు చూసింది. "నువ్వేమంటావు?"

"అమ్మ చెప్పినాక ఇంగేముండాది," అన్నాను.

పాలు ఇంకిపోవడానికి రొమ్ములకు మల్లెపూలు కట్టాలంది అమ్మ. ఆ పూలు తెచ్చింది నేనే. పాలు గడ్డకట్టి సరళకు జ్వరం వచ్చింది. పాప ఆమె రవిక తడుముతూ ఏడుస్తుంటే, తను ముఖం గోడవైపు తిప్పుకొని పడుకునేది.

ఆ రోజుల్లోనే, భయపడి, డాక్టరమ్మ చెప్పినట్టల్లా చేయడం మొదలుపెట్టాను. అంగడి తలుపు దగ్గరకేసి, ఎవరికీ కనబడకుండా. కొద్దిరోజుల్లోనే పాప ఒళ్లు నున్నబడింది. "చూస్తివా, పాలు మాన్పిస్తేనే మానిపాయ," అంది అమ్మ. సరళ నమ్మింది. నేను ఆలస్యంగా చేసిన మంచిపని కూడా ఆమెకే ఎదురు సాక్ష్యమైంది. అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా? పాప బాగుపడింది కదా, ఇక చెప్పి ఏం లాభం అనుకున్నాను. లాభం ఎవరికని ఆలోచించలేదు.

తర్వాత బాబు పుట్టాడు. నర్సు బిడ్డను అందిస్తే సరళ చేతులు చాపలేదు. "నా పాలు మంచివి కావు సిస్టర్. డబ్బా పాలు పట్టండి," అంది. నేను మంచం పక్కనే నిలబడి ఉన్నాను.

మొన్న సరళ చెల్లెలు పసిబిడ్డతో మా ఇంటికొచ్చింది. బిడ్డ తొడలు కాస్త కందాయి. "మనింటి ఆడోళ్ల పాలే వేడేమో. మాన్పించు," అంది సరళ, ఎంతో ప్రేమగా.

ఇక నావల్ల కాలేదు. "మాన్పించొద్దమ్మా," అన్నాను ఆ పిల్లతో. "మీ అక్క పాలు మంచివే. అప్పట్లో పాపకి రోజూ పగలంతా డైపర్ మార్చకుండా పెట్టింది నేను. డాక్టరమ్మకి అబద్ధం చెప్పినాను."

సరళ లేచి, చెల్లెలి బిడ్డకు తడిబట్ట తీసి, మెల్లగా తుడిచింది. తలెత్తకుండానే అడిగింది.

"బాబు పుట్టినపుడు ఆడనే ఉంటివి గదా నువ్వు?"

"ఉన్నా."

మళ్లీ ఆ ఊసెత్తలేదు. క్షమించిందో లేదో తెలియదు. అడగలేదు, అడగను. నాకు దక్కిన ఊరట ఒక్కటే. తన పాలు మంచివని ఇప్పుడు సరళకు తెలుసు.