కాగితానికి ఆయుష్షు

రాజమండ్రిలో ఆ కాగితాల కొట్టాయన ఏ కాగితాన్నీ కళ్ళతో చూసి ఎంచేవారు కాదు. షీటు చెవి దగ్గర పెట్టుకుని, గోటితో ఒక్కసారి మీటి, కళ్ళు మూసుకునేవారు. ఎవరొచ్చినా అడిగేది ఒకటే మాట: "ఇది ఎన్నాళ్ళు బతకాలండి?"

కరపత్రమైతే ఒక పూట, క్యాలెండరైతే ఏడాది. జవాబును బట్టి కాగితం తీసేవారు.

చీరల కొట్టు తెరుస్తూ బ్రోచర్ల కోసం నేనూ వెళ్ళాను. కొట్టు గుమ్మంలో నవ్వుతూ చేతులు జోడించిన నా ఫోటో దాని మీద వెయ్యాలి.

"కొట్టున్నన్నాళ్ళూ బతకాలండి," అన్నాను గర్వంగా.

నేను కోరిన మందపాటి ఆర్ట్ పేపరు మీటి, చాలాసేపు విన్నారు. తరవాత దాన్ని పక్కన పెట్టేసి, న్యూస్‌పేపరు లాంటి పల్చటిది నా ముందుంచారు.

"ఏంటండీ ఇది?"

"ఇది చాలండి. కొట్టు కన్నా కాగితం ఎక్కువ కాలం బతక్కూడదండి," అన్నారు, నా మొహం చూడకుండా.

నాకు ఒళ్ళు మండింది. కాకినాడ వెళ్ళి ఆ ఆర్ట్ పేపరే కొని వేయించాను. ఆరు నెలలకే కొట్టు మూతపడింది.

అది జరిగి పదేళ్ళు. మొన్న ద్రాక్షారామం నుంచి వచ్చానంటూ ఎవరో ఒకావిడ ఫోన్ చేసింది.

"మీ బ్రోచరు చూసి వచ్చానండి. వీధంతా తిరిగాను, కొట్టు కనబడ్డం లేదేంటండీ?"

"ఆ బ్రోచరు రంగు వెలిసిపోలేదాండీ?"

"లేదండీ, ఇప్పుడే అచ్చేసినట్టుంది. గుమ్మంలో నిలబడి రమ్మంటున్నారు కదా, ఏ గుమ్మమండీ అది?"

ఆవిడ చేతిలో ఆ కాగితం పెళపెళమనడం ఫోన్లో వినిపించింది. నేను కళ్ళు మూసుకున్నాను.