ఎరుపు కనపడదని చెప్పాను

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

ఆత్మకూరులో నాకు ఫోటో స్టూడియో ఉంది. ఉదయగిరి నుంచి ఒక మాస్టారు చనిపోయిన భార్య ఫోటో తెచ్చాడు. వాళ్లది క్రైస్తవ కుటుంబం. ఆమె పెళ్లయ్యాక చర్చికి వెళ్లినా, పుట్టింటికొస్తే బొట్టు పెట్టుకునేదట. ఉన్న ఒక్క మంచి ఫోటో అక్కడ తీసిందే. జ్ఞాపకార్థ కూడికలో పెట్టాలి, బొట్టు కనపడకుండా బ్లాక్ అండ్ వైట్ చేయమన్నాడు. తల దించుకునే అడిగాడు. అతని మీద నాకు కోపం లేదు.

పని తేలిక. కలర్ ఫోటోను నలుపు తెలుపు చేసేటప్పుడు ఏ రంగు ఎంత ముదురుగా రావాలో కంప్యూటర్లో మనమే జరుపుకోవచ్చు. ఎరుపును పూర్తిగా లేతగా జరిపాను. కుంకుమ తేలిపోయి చర్మంలో కలిసింది. పైన గోధుమరంగు టోన్ వేశాను. బ్రష్ ముట్టలేదు కాబట్టి నేనేమీ చెరపలేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎంత సులువుగా నమ్మాను!

కూడిక అయ్యాక ఆమె తల్లి ఆ ఫోటో పట్టుకుని వచ్చింది.

"బొట్టేది నాయనా? నా ఇంట్లో నా బిడ్డ బొట్టు లేకుండా ఏనాడన్నా ఉన్నిందా?"

"బ్లాక్ అండ్ వైట్‌లో ఎరుపు కనపడదవ్వా."

"కలర్‌ది నీ కాడన్నా ఉండాదా? అల్లుడు తన కాడ లేదన్నాడు."

"లేదవ్వా. పోయినాది."

ఎందుకలా అన్నాను? మాస్టారి కోసమా? కాదు. రెండు కుటుంబాలు నా కొట్టు ముందు అరుచుకుంటే గిరాకీ దెబ్బతింటుందని. ఆమె తలూపి బస్సుకు వెళ్లిపోయింది. తర్వాత కంప్యూటర్ చెడిపోయి ఆ ఫైలు నిజంగానే పోయింది.

పోయిన ఏడాది ఒక ఫంక్షన్ ఫోటోలు తీయడానికి ఉదయగిరి వెళ్లాను. లోపలికి అడుగుపెట్టాకే తెలిసింది, అది ఆ అవ్వ ఇల్లని. గోడకు నేను చేసిన ఆ కూతురి ఫోటో. పక్కనే అవ్వ పెళ్లి ఫోటో, పాతకాలపు బ్లాక్ అండ్ వైట్. అందులో ఆమె నుదుట బొట్టు నల్లగా, కొట్టొచ్చినట్టు కనపడుతోంది.

నా మాట అబద్ధమని ఆమెకు ఆ రోజే తెలుసా? తెలిసీ తలూపి వెళ్లిపోయిందా? అవ్వ నన్ను గుర్తుపట్టింది. "మజ్జిగ తాగు నాయనా," అని గ్లాసు చేతికిచ్చింది. తాగాను.

ఆమె ఇంకా ఉంది. బస్సెక్కితే చేరిపోతాను, కానీ ఎక్కడం లేదు. ఏం పట్టుకుని వెళ్లను? ఇది రాస్తుంటే మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది. ఆమె అడిగిన రోజు, ఆ బిడ్డ బొట్టుతోనే నా కంప్యూటర్లో ఉంది. నేను ఇవ్వలేదు.