పదిహేడో నంబరు వీల్‌చైర్

ఆఫీసులో ఆయన్ని అందరూ ఎంట్రీ గారనే అంటారు. అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేదు. పంతొమ్మిదేళ్ళుగా ఆయన నోట రోజుకు పాతిక సార్లు వచ్చే మాట ఒకటే, "ఎంట్రీ పడిందా?" వాకర్ బయటికి వెళ్ళినా అదే ప్రశ్న, చంకకర్ర తిరిగొచ్చినా అదే ప్రశ్న. మెకానిక్ టీ తాగొచ్చినా అడుగుతాడని ఒక జోకు ఉంది. అది జోకు కాదు, నిజంగానే ఒకసారి అడిగాడు.

ఆఫీసంటే రెండు గదులు, ఒక స్టోరు. మంచాన పడ్డవాళ్ళున్న ఇళ్ళకు వీల్‌చైర్లు, వాకర్లు, తల వైపు పైకి లేచే మంచాలు వాడుకోవడానికి ఇచ్చి, అవసరం తీరాక వెనక్కి తీసుకునే చిన్న సంస్థ అది. పెద్ద ఆస్పత్రిలో హెడ్‌నర్సుగా చేసి రిటైరైన ఒకావిడ పెట్టింది. చక్రాలూ బ్రేకులూ చూడడానికి మెకానిక్, రాతకోతలకు ఎంట్రీ గారు. అంతే, ముగ్గురు.

రాతకోతలు కాక, ఎవరూ చెప్పని పని ఒకటి ఎంట్రీ గారు నెత్తిన వేసుకున్నాడు. వస్తువు వెనక్కి వచ్చినప్పుడు, కారణం దగ్గర "చనిపోయారు" అని పడిన ఇంటికి, సరిగ్గా నెల తర్వాత ఫోన్ చేస్తాడు. మొదటి వారం ఇంటినిండా జనం ఉంటారు, నెల తిరిగేసరికి ఎవరి దారి వాళ్ళది, ఫోన్ మోగాల్సింది అప్పుడే అంటాడు. అడిగేవి మూడే. తింటున్నారా? నిద్ర పడుతోందా? ఇంట్లో తోడు ఎవరైనా ఉన్నారా? మూడోదానికి లేరని జవాబొస్తే వారం వారం చేస్తాడు, వాళ్ళే ఇక చాలు బాబూ అనేదాకా. రిజిస్టర్లో దాని పేరు నెల పలకరింపు.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు, ఆయన సంగతి వేరు. పెళ్ళి చేసుకోలేదు. పెంచి పెద్ద చేసిన అక్కే ఇల్లూ వాకిలీ. ఆవిడ నడుము కిందనుంచి కదలిక పోయినప్పుడు ఆఫీసు నుంచే ఒక వీల్‌చైర్ తీసుకెళ్ళాడు. వెనక ఎత్తుగా, తల ఆనించుకోవడానికి వీలుగా ఉండే రకం. వీపు మీద తెల్ల రంగుతో పదిహేడు అని రాసి ఉంటుంది. సాయంత్రం ఆయన గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే ఆ కుర్చీలోంచే అక్క గట్టిగా అనేది, "ఎంట్రీ పడిందిరా తమ్ముడూ!" ఏడున్నరేళ్ళు ఒకే జోకు, ఏడున్నరేళ్ళూ నవ్వాడు.

అక్క పోయి నాలుగేళ్ళయింది. కుర్చీ కిటికీ పక్కనే ఉంది. చక్రాలకు గాలి తగ్గితే కొడుతున్నాడు. ఏటా కొత్త రిజిస్టరు తెరిచినప్పుడు, తిరిగిరాని వస్తువులన్నీ ఎక్కించేటప్పుడు, పదిహేడు ఎదురుగా "గడువు పొడిగింపు" అని చక్కటి దస్తూరీతో రాస్తున్నాడు. రిజిస్టరు నోరు లేనిది. పైగా దాన్ని తెరిచేది ఆయనొక్కడే. అక్క పోయిన నెలకు ఫోన్ మోగాల్సిన రోజు వచ్చింది, ఆయనకు గుర్తుంది. నెల పలకరింపు ఫోన్లు చేసే మనిషి ఆయనే గనుక, ఆ ఇంటికి మాత్రం ఎవరూ చేయలేదు.

ఇదంతా ఇలాగే ఇంకో పదేళ్ళు సాగేది. ఈమధ్య రిజిస్టర్లతో పాటు కొత్త పేషెంట్ల వివరాలు ఇంటర్నెట్లో ఎవరిదో ఉచిత షీట్లో కూడా ఎక్కిస్తున్నారు. ఒక రోజు ఒక పేషెంటు ఇంటికి, ముక్కూ మొహం తెలియని వాడు ఫోన్ చేసి పడక పుండ్ల మందు అమ్మబోయాడు. వాడికి నంబరు ఎలా చేరిందో ఎవరికీ అంతుపట్టలేదు గానీ, హెడ్‌నర్సు గారు మాత్రం అగ్గి మీద గుగ్గిలమైంది.

"ఎవరింట్లో ఎవరికి ఏ జబ్బో మన గోడలు దాటకూడదు. మన కంప్యూటర్లోనే పెట్టుకుని మనమే నడుపుకునే డేటాబేస్ సాఫ్ట్‌వేర్లు ఉంటాయట కదా. చూసి మంచిదొకటి ఎంచండి ఎంట్రీ గారూ. రిజిస్టర్లన్నీ అందులోకి ఎక్కించేద్దాం."

"అన్నీనా మేడమ్?"

"మరి సగం ఎందుకు?"

స్టోరులో మంచం కోళ్ళ వెనక దుమ్ము కొట్టుకుపోయిన కంప్యూటరును ఎంట్రీ గారు బయటికి లాగాడు. యాభై ఏడేళ్ళ వయసులో, సూచనల పేజీ పక్కన పెట్టుకుని, అక్షరం పొల్లుపోకుండా ఒక్కో ఆజ్ఞా టైపు చేస్తూ మూడు వారాల్లో మూడు సాఫ్ట్‌వేర్లు పెట్టి చూశాడు. పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ అన్ని ప్రశ్నలు అడగరు. పని మధ్యలో ప్లగ్గు పీకేసి, మళ్ళీ పెట్టి, రాసింది బతికుందా అని చూసేవాడు. రేపు దీన్ని వదిలేయాలనిపిస్తే మన రాత మొత్తం మనకు ఫైలుగా తిరిగిస్తుందా అని లాగి చూసేవాడు. బ్యాకప్ తీసి, ఉన్నదంతా చెరిపేసి, ఆ బ్యాకప్ నుంచే మళ్ళీ నిలబెట్టేవాడు. ఇంత శ్రద్ధ చూసి మెచ్చుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు, ఆఫీసులో ఎవరికీ అర్థం కాదు.

మొదటిది పేరు గొప్ప ఊరు దిబ్బ. తెరవగానే ఆ పాత కంప్యూటరు ఆయాసపడి చతికిలబడింది. దాన్ని తీసేశాడు. రెండోదానికి గళ్ళచొక్కా అని పేరు పెట్టుకున్నాడు. తెర నిండా గళ్ళే, చూడగానే రిజిస్టరులా ఉంటుంది. ఎవరైనా వాడొచ్చు, ఫారాలు చేసుకోవచ్చు, ఏ రోజు ఎవరికి ఫోన్ చేయాలో అదే లిస్టు తీస్తుంది. అయితే ఒకటి, అందులో పడింది లోపలికొచ్చిన ప్రతివాడికీ కనిపిస్తుంది. మూడోది వడ్రంగి. దాంట్లో తెరలూ బొత్తాలూ అన్నీ మనమే చెక్కుకోవాలి. చెక్కడం కష్టం. అలా చెక్కిన తెర మీద ఎవరికి ఏ వరస కనపడాలో, ఏది కనపడకూడదో మన చేతిలో ఉంటుంది.

పరీక్ష కోసం గళ్ళచొక్కాలో రిజిస్టర్లన్నీ ఎక్కించి, వస్తువు బయటికెళ్ళి ఎన్ని రోజులైందో లెక్క కట్టమన్నాడు. కళ్ళు మూసి తెరిచేలోగా కట్టేసింది. అన్నిటికంటే పైన, ఎర్రగా: పదిహేడు, నాలుగు వేల రెండు వందల ఆరు రోజులు. పక్కనే, ఆ ఇంటికి చివరిగా ఫోన్ చేసిన తేదీ అనే గడి ఉంది. అది ఖాళీ. మనుషులకున్న మొహమాటం యంత్రానికి ఎక్కడిది? ఎంట్రీ గారు గళ్ళచొక్కాను మూసేశాడు. వడ్రంగిని తెరిచాడు. ఒక్క షరతు రాస్తే చాలు, పదిహేడో వరస ఆయనకు తప్ప ఎవరికీ కనపడదు. రాశాడు.

హెడ్‌నర్సు గారికిచ్చిన కాగితంలో, భద్రత దృష్ట్యా వడ్రంగే మేలని సిఫార్సు చేశాడు. చూపించేటప్పుడు వడ్రంగిలో అన్నీ ఎక్కించి, గళ్ళచొక్కాలో మాత్రం మొన్నటి రెండు నెలల రాతే ఉంచాడు. పంతొమ్మిదేళ్ళలో ఆయన ఒకరి కళ్ళెదుట చేసిన మొదటి దొంగతనం అది. చెవులు ఎర్రబడ్డాయి.

ఆవిడ కాగితం పక్కన పెట్టి మెకానిక్‌ను పిలిచింది. "ఈ రెంటిలో ఒక వాకర్ ఎంట్రీ వెయ్యి, చూద్దాం."

మెకానిక్ వడ్రంగితో పది నిమిషాలు కుస్తీ పట్టాడు. "ఇది నన్ను చూసి దాక్కుంటోంది అన్నా," అన్నాడు. గళ్ళచొక్కాలో నిమిషంలో వేసేసి, "ఇది మన పాత రిజిస్టరే కదా!" అని మురిసిపోయాడు. వెళ్తూ వెళ్తూ, "అన్నా, మా వీధి దర్జీ ఆవిడకు పక్షవాతం వచ్చిందట. మెడ నిలవడం లేదు, వీపు ఎత్తు కుర్చీ కావాలంటున్నారు. మనకున్నవి రెండేగా. తొమ్మిది బయటుంది. పదిహేడు ఎక్కడుందన్నా?"

"బయటే ఉంది," అన్నాడు ఎంట్రీ గారు. అబద్ధం కాదది.

హెడ్‌నర్సు గారు కళ్ళజోడు తీసి ఆయన వైపు చూసింది. "వడ్రంగి మంచిదే కావచ్చు. కానీ మీరు లేని రోజు దాన్ని ఎవరు నడుపుతారు ఎంట్రీ గారూ?"

ఎంట్రీ గారు తన కాగితం వెనక్కి తీసుకున్నాడు. "గళ్ళచొక్కాయే పెట్టుకుందాం మేడమ్," అన్నాడు.

"అయితే సోమవారానికి మొత్తం ఎక్కించండి."

ఆదివారం పొద్దున ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాడు. ఆ ఒక్క వరస ఎక్కించకపోతే సరి, అడిగే నాథుడు లేడు. అప్పుడు పదిహేడో నంబరు అసలు పుట్టనే లేదని లెక్క. కుర్చీ ఆయనదైపోతుంది. కానీ అందులో కూర్చున్న మనిషి కూడా ఏ కాగితంలోనూ లేకుండా పోతుంది. దర్జీ ఆవిడ ఎక్కడో మెడ పట్టుకుని కూర్చుని ఉంటుంది. ఎంట్రీ గారికి ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా. తర్వాత ముఖం కడుక్కుని, చక్రాలకు గాలి చూసి, కుర్చీని మెట్ల మీంచి ఒక్కో మెట్టూ దించాడు.

వీధిలో ఖాళీ కుర్చీని తోసుకుంటూ వెళ్తుంటే ఎదురొచ్చిన వాళ్ళందరూ పక్కకు తప్పుకున్నారు, అందులో ఎవరో ఉన్నట్టే. అక్కను తీసుకెళ్ళేటప్పుడూ అంతే తప్పుకునేవాళ్ళు. ఇరవై నిమిషాల దారికి నలభై పట్టింది.

తాళం తీసి, కుర్చీని స్టోరులో పెట్టి, గళ్ళచొక్కా తెరిచి, తిరిగొచ్చిన తేదీ వేశాడు. కారణం ఎంచుకోకపోతే ముందుకు కదలనంది. ఆ నిబంధన పెట్టింది ఆయనే. మూడు మాటలున్నాయి: కోలుకున్నారు, ఇక అవసరం లేదు, చనిపోయారు. రెండోదాని మీద కాసేపు వేలు ఆగింది. అదీ తప్పు కాదు కదా అనిపించింది. మూడోది నొక్కాడు. నాలుగేళ్ళ తర్వాత అక్క పోయినట్టు మొదటిసారి రాతలో పడింది.

సోమవారం హెడ్‌నర్సు గారు పదిహేడో వరస చదివి, పేరు చూసి, దర్జీ ఆవిడ చిరునామా రాసి మెకానిక్ చేతికిచ్చింది. మధ్యాహ్నం కుర్చీ దర్జీ ఆవిడ ఇంటికి వెళ్ళింది. ఆ రోజు సాయంత్రం హెడ్‌నర్సు గారు ఇంకోమాట చెప్పింది: లిస్టు ఇప్పుడు అందరికీ కనపడుతోంది గనుక, ఇకమీదట నెల నిండినవాళ్ళకు ఫోన్లన్నీ గురువారాల్లో, ముగ్గురూ వంతులేసుకుని చేయాలి. ఎంట్రీ గారికి అదొక దెబ్బ. ఆయన వారంలో మనుషులతో మాట్లాడేదే ఆ ఫోన్లలో. ఆఫీసులో అంతా సవ్యంగా నడుస్తోంది, ఇంట్లో కిటికీ పక్కన కుర్చీ ఉన్న చోట నేల మీద రెండు చక్రాల గీతలు మిగిలాయి. వాటిని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్తున్నాడు.

నెల తిరిగాక వచ్చిన మొదటి గురువారం మెకానిక్ వంతు. ఎంట్రీ గారు స్టోరులో వాకర్లు లెక్కపెడుతున్నాడు. జేబులో ఫోన్ మోగింది. పగలు ఆయనకు ఫోన్ చేసేవాళ్ళు లేరు. తీసి చూస్తే ఆఫీసు నంబరే.

"నమస్కారమండీ, వీల్‌చైర్ల ఆఫీసు నుంచి," అన్నాడు మెకానిక్. ఆ గొంతు ఫోన్లోనూ, పక్క గోడలోంచీ రెండు వైపులా వినపడింది.

"ఏరా, నేను పక్క గదిలోనే ఉన్నానని తెలీదా?"

"తెలుసన్నా. లిస్టులో ఉన్నావు. లిస్టులో ఉన్నవాళ్ళకు ఫోన్ చెయ్యాలి." కాగితం చూసి చదువుతున్నట్టు గొంతు మార్చాడు. "తింటున్నారా అండీ?"

ఎంట్రీ గారు వాకర్ పట్టుకుని నిలబడ్డాడు. "తింటున్నాను."

"నిద్ర పడుతోందా?"

"కొంచెం."

గోడ అవతల కుర్చీ కిర్రుమంది. "ఇంట్లో తోడు ఎవరైనా ఉన్నారా?"

ఆ ప్రశ్న ఆయన కొన్ని వందల మందిని అడిగాడు. జవాబు చెప్పడానికి అవతలివాళ్ళకు అంతసేపు ఎందుకు పడుతుందో ఎప్పుడూ అర్థమయ్యేది కాదు.

"లేరురా," అన్నాడు.

"లేరంటే వారం వారం చెయ్యాలని నువ్వే రాశావన్నా ఇక్కడ. వచ్చే గురువారం ఎన్నింటికి చెయ్యమంటావు?"

"సాయంత్రం చెయ్యి. ఆరింటికి. ఇంటికెళ్ళి చెప్పులు విప్పే టైము."

అవతల టకటకమని మీటలు నొక్కిన చప్పుడైంది. తర్వాత మెకానిక్ గొంతు, గోడలోంచి, ఫోన్ అక్కర్లేనంత గట్టిగా వచ్చింది.

"ఎంట్రీ పడింది అన్నా!"