లేని సినిమాకు నేను చెప్పిన కథ

పైసా ఖర్చు లేకుండా ఇటలీ సినిమా ఒకటి తీసి, భీమవరంలో ఆడించి, ఒక ఆడపిల్ల చదువును రొయ్యల చెరువులో ముంచబోయిన ఘనుణ్ణి నేను. పదేళ్ళ తర్వాత తప్పు ఒప్పుకుంటున్నాను. నవ్వితే నవ్వండి, ఆ అమ్మాయిని మాత్రం ఏమీ అనకండి.

అప్పట్లో నేను రొయ్యల మేత అమ్మే రాజుగారి దగ్గర గుమాస్తాని. ఎం.ఏ. ఇంగ్లీషు చదివినందువల్ల, ప్రపంచంలో ఇంగ్లీషులో జరిగే ప్రతిదానికీ నేనే బాధ్యుణ్ణని ఆయన నమ్మకం. ఆయన మనవరాలు హారిక డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చింది. ఒక అమెరికా కార్టూన్ కామెడీ మీద ప్రాజెక్టు రాస్తోంది. అందులో ప్రతి సీనూ ఏదో పాత సినిమాకో, ప్రకటనకో, పాటకో వెక్కిరింత. ఏది దేనికో కనిపెట్టడమే ఆ అమ్మాయి పని.

ఓ సాయంత్రం రాజుగారు నన్ను టీవీ ముందు కూర్చోబెట్టారు. తెరమీద టోపీ పెట్టుకున్న కుక్క ఒకటి పడవలో నిలబడి, ఏడుస్తూ మూడు నిమ్మకాయలు నదిలోకి విసిరింది. హారిక టీవీ ఆపింది.

"ఇది కచ్చితంగా ఏదో సినిమాలోదే. ఏ సినిమా అంకుల్?"

"మా మూర్తికి తెలీందుంటుందేంటమ్మా!" అన్నారు రాజుగారు.

మా వైపు దారి అడిగినవాడికైనా తెలీదని చెప్పడం అమర్యాద. తప్పు దారైనా చూపించే పంపుతాం. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"పాత ఇటలీ సినిమా అమ్మా. 'నిమ్మకాయల పడవ'."

"నిమ్మకాయలెందుకు?"

"పడవవాడి భార్యకి నిమ్మతోట ఉండేదమ్మా."

"మరి మూడే ఎందుకయ్యా?" రాజుగారు ముందుకు జరిగారు.

"ముగ్గురు పిల్లలండి."

"పిల్లలకేమైంది?"

"వరదండి."

"అయ్యయ్యో! చివరికి?"

"పడవవాడు కూడా దూకేస్తాడండి."

ఇంకో ప్రశ్న రాకుండా వాణ్ణి చంపక తప్పలేదు.

మర్నాడు హారిక ఫోను పట్టుకొచ్చింది. "నెట్‌లో ఎక్కడా లేదంకుల్."

"ఉండదమ్మా. ప్రింటు కాలిపోయింది."

పాపం, అదీ రాసుకుంది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది అతికింది, ఊడిరావడం మానేసింది.

సోమవారం ఆ ప్రాజెక్టును లెక్చరర్ల ముందు చదవాలని తెలిసేసరికి, నీళ్ళకు గాలి అందించే ఏరేటర్ ఆగిన చెరువులో రొయ్యలా గిలగిల్లాడాను. ఆదివారం పొద్దున్నే పరుగెత్తాను. రాజుగారు అరుగు మీద నలుగురు రైతులతో కాఫీ తాగుతున్నారు. పక్కనే హారిక కాగితాలు సర్దుకుంటోంది.

"అమ్మా, ఆ సినిమా లేదమ్మా. నేనే కల్పించాను."

రాజుగారు గ్లాసు కింద పెట్టారు.

"లేదంటావేంటయ్యా? కుర్రతనంలో నేను చూస్తేనూ! ఇప్పుడే వీళ్ళకి చెప్తున్నాను."

"కానీ అండి, ప్రింటు..."

"కాలకముందే చూశానయ్యా. సెకండాఫ్ కాస్త సాగదీశాడు. నువ్వు చెప్పిన ముగింపు మాత్రం తప్పు. పడవవాడు చావడు. చిన్నపిల్లాడు దొరికేస్తాడు."

రైతులు నలుగురూ "హమ్మయ్య" అన్నారు.

హారిక మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పెన్ను తీసి ఆ పేజీ అడ్డంగా కొట్టేసింది. "రేపు నా పరువు పోయేదంకుల్. ఈసారి మీ ఇద్దరి మీద రాస్తాను ప్రాజెక్టు."

ఆ కుక్క నిమ్మకాయలు ఎందుకు విసిరిందో నాకిప్పటికీ తెలియదు. గోదావరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: లేని సినిమా కథ ఇకమీదట ఎవరికీ చెప్పను. చెప్పక తప్పకపోతే, దాన్ని చూసినవాళ్ళెవరో ముందు కనుక్కుని మరీ చెబుతాను.