రెండు పొరల గలేబు

మా అత్త మాట్లాడేటప్పుడు కూడా కుట్టుమిషను ఆపదు. ఎవరొచ్చినా సరే, పాదాలు తొక్కుతూనే ఉంటాయి, నోరు మాట్లాడుతూనే ఉంటుంది. పెళ్లయి టెక్కలి నుంచి బారువ వచ్చిన కొత్తలో అది చూస్తే నాకు ఒళ్లు మండేది. నేను లెక్కల టీచర్ని. నేను మాట్లాడుతుంటే ఎదుటివాళ్లు చేతిలో పని పక్కనపెట్టి వినాలనుకునే రకం. ఆమె దగ్గర నా పప్పులేం ఉడకలేదు.

బారువ వచ్చాక స్కూలు ఉద్యోగం పోయింది. ఇంట్లో ఊరికే కూర్చుంటే నాకు పిచ్చెక్కినట్టుండేది. పిల్లలకి ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పించే ఒక సంస్థకి అప్లై చేశాను. రాతపరీక్ష పాసయ్యాను. ఇక డెమో క్లాసు ఒక్కటే మిగిలింది. అది బాగా చెబితే మళ్లీ టీచర్ని. లేకపోతే లేదు. దానికోసమే మా ఆయన పలాసలో కొత్త ల్యాప్‌టాప్ కొని తెచ్చాడు.

మాది సముద్రం పక్క ఇల్లు. ఉప్పుగాలికి ఇక్కడ ఇనుమన్నది బతకదు. కిటికీ ఊచలు, ఫ్యాను రెక్కలు, సైకిలు గొలుసు, అన్నీ తుప్పే. మా ఇంట్లో తుప్పు పట్టనిది అత్త కుట్టుమిషను ఒక్కటే. రోజూ పని అవగానే నూనె వేసి, తుడిచి, గలేబు తొడుగుతుంది. ల్యాప్‌టాప్ రాగానే దాన్ని కూడా అటూ ఇటూ తిప్పి చూసింది. అడుగున, పక్కన ఉన్న సన్నటి కంతలు చూసి మొహం చిట్లించింది. టేపు తెచ్చి కొలతలు తీసుకుంది. సాయంత్రానికల్లా గళ్ల బట్టతో గలేబు తయారు. తెర, మీటలు మాత్రం బయటికి కనిపిస్తాయి, మిగతా ఒళ్లంతా ముసుగే. కంతలున్న చోట ప్రత్యేకంగా రెండు పొరలు వేసింది. పని చేసేటప్పుడు కూడా తియ్యొద్దని గట్టిగా చెప్పింది. నిజం చెప్పొద్దూ, కుట్టు మాత్రం ముచ్చటేసింది.

మొదటి డెమోలో భిన్నాలు మొదలుపెట్టాను. పాఠం ఊపందుకునేసరికి ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది. మౌసు కదలదు, మాట పోదు. అవతల చూస్తున్న మేడమ్‌కి నేను నోరు తెరుచుకున్న బొమ్మలా మిగిలిపోయానట. ఆవిడ మంచిది కాబట్టి ఇంకో రోజు చూద్దామంది.

నేను పలాస బయల్దేరాను, షాపువాడిని కడిగి పారేద్దామని. నేను చీర మార్చుకునేలోపు అత్త గలేబు విప్పేసి, ల్యాప్‌టాప్‌ని పాత తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టింది. కొత్త గలేబు బస్సుల్లో మాసిపోతుందట. షాపులో ఆన్ చేశారు. ఎంతసేపు చూసినా అది ఆగలేదు. వీడియోలు పెట్టారు, ఆడించారు, నాకు టీ కూడా ఇచ్చారు. నేను ఏసీ కోసం వచ్చి కూర్చున్నదాన్నని అనుకుని ఉంటారు. మీ ఇంట్లో కరెంటు తేడా అయి ఉంటుంది మేడమ్ అన్నాడు షాపువాడు.

ఇంటికొచ్చాను. అత్త గలేబు తొడిగింది. గంట కాలేదు, మళ్లీ బిగుసుకుంది. చార్జరు పీకేసి చూశాను. నెట్ మార్చాను. పనికిరానివన్నీ తీసేశాను. రెండో డెమోలో కూడా మధ్యలో పోయింది. మేడమ్ గొంతు ఈసారి మారింది. సోమవారం చివరి అవకాశం, ఆ తర్వాత వేరేవాళ్లని తీసుకుంటామంది. మళ్లీ తువ్వాల్లో చుట్టుకుని పలాస పరుగెత్తాను. అక్కడ మళ్లీ బుద్ధిగా పనిచేసింది. దీనికి పలాస నీళ్లు పడ్డాయి గానీ బారువ నీళ్లు పడలేదా అని తిట్టుకుంటూ తిరుగు బస్సెక్కాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ రోజు అత్త గలేబు ఉతికి ఆరేసింది. నేను కసికొద్దీ ఉత్త ల్యాప్‌టాప్ ముందే కూర్చుని, గోడకి పాఠం చెప్పినట్టు మొత్తం క్లాసు చెప్పాను. ఆగలేదు. మళ్లీ చెప్పాను. ఊహూఁ, ఆగలేదు. మర్నాడు పొద్దున్న ఆరిన గలేబు తొడిగి మొదలుపెడితే సగంలో బిగుసుకుంది. అప్పుడు అడుగున చెయ్యి పెట్టాను. పొయ్యి మీది పెనంలా కాలిపోతోంది. లోపలి వేడి బయటికి పోయే దారి మొత్తం మూసుకుపోయింది. నిర్ధారణ కోసం విప్పి ఒకసారి, తొడిగి ఒకసారి చూశాను. లెక్క సరిపోయింది.

నేనే కనిపెట్టానని ఎంత గర్వమేసిందో! గంతులెయ్యడమే తరువాయి. అంతలోనే గుర్తొచ్చింది. ఇప్పుడు ఈ మాట అత్తతో చెప్పాలి.

వెళ్లి చెప్పాను. ఆమె మిషను తొక్కుతూనే వింది. అయ్యాక, "సూపించు" అంది. గలేబు విప్పి, ఆన్ చేసి, ఆమె చెయ్యి పట్టుకుని పక్క కంత దగ్గర పెట్టాను. వెచ్చటి గాలి తగిలింది. తొడిగి చూపించాను. గాలి లేదు. కాసేపటికి తెర మీద బొమ్మ ఆగిపోయింది.

అత్త కోప్పడుతుందనుకున్నాను. పడీ పడీ నవ్వింది.

"ఇది ఊపిరి తీత్తదేటే? నాను సరీగ్గా ముక్కు మీదే రెండు పొరలేసి కుట్టీసినాను."

పోనీ గలేబు తీసేద్దాం అత్తా అన్నాను. ససేమిరా అంది. ఉప్పుకి నువ్వు జవాబు చెబుతావా అని ఎదురడిగింది. కత్తెర తీసి కంతలున్న చోటల్లా కిటికీలు కత్తిరించింది. వాటి అంచులన్నిటికీ జాకెట్టు కాజాలకి కుట్టినట్టు చేత్తో కుట్టింది. ఇంకా నమ్మకం చాలక, గాలి ఆడడానికి ఖాళీ దారపు రీళ్లు రెండు అడుగున కాళ్లలా బిగించింది. అలాంటి గలేబు ఈ ఉద్దానం ఊళ్లలో ఇంకెవరి ల్యాప్‌టాప్‌కీ ఉండదు. ఎవరు నవ్వుకున్నా నాకు ఫరవాలేదు.

సోమవారం అదే మేడమ్, అవే భిన్నాలు. పాఠం ఊపందుకుంది. ఎప్పుడూ ఆగిపోయే చోటు వచ్చింది, దాటిపోయింది. అయినా ఏదో తేడాగా ఉంది. ఇల్లంతా మరీ నిశ్శబ్దంగా ఉంది. ముందు గదిలో మిషను చప్పుడు లేదు. ఎవరో జాకెట్టు కోసం వచ్చినట్టున్నారు. అత్త గొంతు తగ్గించి వాళ్లతో అంటోంది.

"కూసోండమ్మా. మా కోడలు లోపల పాఠం సెప్తంది. అది అయ్యేదాకా మిషను తొక్కను."

నీళ్లు తాగుతున్నట్టు నటించి మళ్లీ అందుకున్నాను. క్లాసు చివరిదాకా వెళ్లింది. వచ్చే వారం నుంచి చేరమని చెప్పి, కొత్త ల్యాప్‌టాప్ కొన్నారా అని అడిగింది మేడమ్.

"అదేనండీ. మా అత్తగారు బాగుచేశారు" అన్నాను, ముందు గదిలోకి వినపడేలాగే.

బయటికొచ్చి ఉద్యోగం వచ్చిందని చెప్పాను. అత్త మిషను ముందే ఉంది. పాదాలు రెండూ నేల మీద, చేతులు ఒళ్లో. కుట్టాల్సిన జాకెట్టు సూది కిందే ఉంది. కనిపెట్టింది నువ్వయితే నా పేరు చెప్పావేమిటని గదమాయించింది. కళ్లు తుడుచుకుంది. తర్వాత నా వైపు తిరిగి, బడిలో పిల్ల టీచర్ని అడిగినట్టు అడిగింది.

"ఇంక తొక్కమంటావా?"