యింగ్‌జూ ఎండగట్టిన మడి

మా హునాన్ పల్లెలో ఎవరి మడికైనా వంక పెట్టొచ్చు గానీ యింగ్‌జూ మడి చూస్తే నోరు మూసుకోవాల్సిందే. నేను బళ్లో చదువు చెప్పినన్నాళ్లూ కిటికీలోంచి ఆమె వంగిన నడుమే కనిపించేది. మా పిల్లల దస్తూరీ కన్నా ఆమె నాట్ల వరసలే తిన్నగా ఉండేవి. అబద్ధం కాదు, కావాలంటే ఆ పిల్లల్నే అడగండి.

ఈ ఏడు ఆమె పట్టుదలంతా కోడలి కోసమే. ఆ కోడలు త్సాయ్‌యున్ కడుపుతో ఉంది. పుట్టబోయే బిడ్డ కోసం ఆమె గిన్నెలోకి ఊళ్లోకెల్లా మంచి బియ్యం రావాలి. అంటే కాలవ మొదట్లో ఉన్న మడి బియ్యం. కొత్త కోడలై వచ్చిన నాటి నుంచీ ఆ మడి బియ్యమే ఆమెకి విడిగా దాచిపెడుతోంది అత్త.

తీరా ఈసారి ఆ మడే నలతపడింది. నీళ్లు దిగే తూము దగ్గర పైరు పొట్టిగా ఉండిపోయింది. పిలకలు వెయ్యలేదు. ఆకుల ఈనెల మధ్య పసుపు తిరిగింది. ఓ మొక్క పీకి చూస్తే వేళ్లు తుప్పు రంగులో మొద్దుబారి ఉన్నాయి.

"ఏం యింగ్‌జూ, నీ వరికి కామెర్లా?" అన్నాడు గట్టు మీంచి పక్క మడి ముసలి లేయ్. ఆయనకి పళ్లన్నీ ఊడినా నాలుక మాత్రం గట్టిదే.

"నీ దిష్టి తగిలిందిలే. ఎండగడితే అదే లేస్తుంది."

మాకు తెలిసిన వైద్యం అదే. పైరు పిలకలేశాక నీళ్లు తీసేసి, మన్ను నెర్రెలిచ్చేదాకా మడిని ఎండబెడతాం. వేళ్లకి గాలి తగిలి బలమొస్తుంది. యింగ్‌జూ ఆ వైద్యం రెట్టింపు చేసింది. గుడ్డ చెప్పులతో నడిచినా మట్టి అంటనంతగా ఎండగట్టింది. గింజ పాలు పోసుకునేటప్పుడు కూడా నేల బాగా ఆరితే తప్ప తూము పలక ఎత్తలేదు.

పైరు లేచింది. ఆకు నల్లగా నిగనిగలాడింది. కంకులు బరువుకి వంగాయి. లేయ్ వచ్చి చూసి, దగ్గి, వెళ్లిపోయాడు.

కోతల ముందు పెయ్‌రోంగ్ వచ్చింది. నా దగ్గరే అక్షరాలు దిద్దిన పిల్ల, ఇప్పుడు వ్యవసాయ శాఖలో పని. ఎగువ కొండ వెనక కొన్నేళ్ల కింద సీసం కరిగించే కార్ఖానా పెట్టారు కదా, మా వాగు కింది మడుల్లో గింజలు పరీక్ష చెయ్యమని పంపారట. వాగు నీళ్లు చూడబోతే అద్దంలా ఉన్నాయి. యింగ్‌జూ నవ్వుతూనే గుప్పెడు గింజలు దూసి ఇచ్చింది.

కొత్త బియ్యం తినే పండుగకి యింగ్‌జూ నన్నూ భోజనానికి పిలిచింది. మా దగ్గర మొదటి ముద్ద కుక్కకే. వరి విత్తనాన్ని తోకకి అంటించుకుని మనుషులకి తెచ్చిపెట్టింది అదేనని పెద్దలు చెప్పేవాళ్లు. కుక్క తిన్నాక ఇంటి పెద్ద తినాలి. యింగ్‌జూ తన వంతు కోడలికి ఇచ్చేసింది.

కుక్క గిన్నె నాకేసి తోకాడించింది. పొగబెట్టిన పందిమాంసం, ఎండుమిరప వాసన ఇల్లంతా కమ్మేసింది. నాకూ నోరూరుతోంది. అప్పుడే పెయ్‌రోంగ్ చెమటలు కక్కుతూ గుమ్మంలోకి వచ్చింది.

"పెద్దమ్మా, వదినకి ఆ అన్నం పెట్టకు!"

"రావే తల్లీ, కూర్చో. ముందు తిను, తర్వాత తిడుదువు గానీ."

"ఆ గింజల్లో కాడ్మియం ఉంది. కార్ఖానా నీళ్లలో వచ్చే విషం. లేయ్ తాత బియ్యంలో కన్నా నీ దాంట్లోనే చాలా ఎక్కువ."

"వాడి మడి కన్నానా? అదెప్పుడూ బురదే కదే! కప్పలు కాపురం చేస్తాయి అందులో!"

"అందుకే తక్కువ పెద్దమ్మా. నీళ్లు నిలిస్తే అది మట్టిలో బందీగా పడుంటుంది. నువ్వు ఎండగట్టేసరికి గాలి దూరి విడిపోయింది. పాపం వరికేం తెలుసు? తనకి కావాల్సిన జింకు అనుకుని లోపలికి లాక్కుని గింజకి పంపింది."

"మరి మొక్క అంత బాగా లేచిందే?"

"మొక్క తట్టుకుంది. విషం మాత్రం ఎక్కడికీ పోలేదుగా, గింజలో చేరింది."

యింగ్‌జూ కుక్క వైపు చూపించింది. "అది తినలేదూ? చచ్చిందా?"

"ఒక్క పూటకి ఎవరికీ ఏమీ కాదు. ఏళ్ల తరబడి మూత్రపిండాల్లో చేరుతుంది. ఆ తర్వాత ఎముకలు."

నా చూపు యింగ్‌జూ నడుము మీదికి పోయింది. ఈ మధ్య లేచేటప్పుడు గోడ పట్టుకుంటోంది. వయసులే అని ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

ఆమె కోడలి చేతిలోంచి గిన్నె లాక్కుంది.

త్సాయ్‌యున్ పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "అత్తయ్యా, మరి ఇన్నాళ్లూ నాకు విడిగా దాచిపెట్టిన బియ్యం?"

కుక్క ఇంకా పెట్టమన్నట్టు యింగ్‌జూ కాళ్ల చుట్టూ తిరిగింది.

మర్నాడు పొద్దున్నే ఆమె తూము దగ్గర కనిపించింది. రెండో పంట నారు కట్టలు గట్టు మీద ఉన్నాయి. ఎండెక్కితే వాడిపోతాయి.

"మాస్టారూ, ఈ పలక ఎత్తితే కార్ఖానా నీళ్లొస్తాయి. ఎత్తకపోతే నేల ఎండి లోపలున్నది గింజలోకెక్కుతుంది. మీరే చెప్పండి, ఏం చెయ్యను?"

ఆమె చెయ్యి పలక మీదే ఉండిపోయింది. దాని అవతల నీళ్లు చప్పుడు లేకుండా పెరుగుతున్నాయి, అడుగున గులకరాళ్లు లెక్కపెట్టగలిగినంత తేటగా.